పేరంటాలు చీర

బిలాస్‌పూర్‌లో మా కుమారి ఉండే దయాల్‌బంద్ ఇంటి వంటగదిలో, గ్యాసు పొయ్యికి ఎదురుగా ఉన్న గోడ అలమరాలో పై అర ఎవరూ వాడేవాళ్లు కారు. మొన్నమొన్నటి దాకా అందులో ఒక రాగి చెంబు ఉండేది. చెంబుకి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉండేవి, పక్కన మడత విప్పని చీర ఒకటి ఉండేది. ఆ చెంబు మా సత్యవతి పిన్ని. మా చిన్నాన్న మొదటి భార్య, కుమారిని కన్నతల్లి. నేను బడికి వెళ్లే రోజుల్లో, ఒక పగటిపూట, రైల్వే క్వార్టరు లోంచి బయటికి వెళ్లి మళ్లీ కనబడని మనిషి. ఆవిడ చచ్చిపోయిందని ఎవరూ చూడలేదు. బతికుందని ఎవరూ ఒప్పుకోలేదు. అలాంటి మనిషిని చెంబు చేసి కూర్చోబెట్టి, ఏటా కొత్త చీర పెట్టి దండం పెట్టుకున్న కుటుంబం మాది. ఇందులో సిగ్గుపడాల్సింది ఉందని మావాళ్లలో చాలామందికి ఇప్పటికీ తోచలేదు.

ఈమధ్య కుమారి తన కూతురు స్వాతికి పెళ్లి పెట్టుకుని, వారం ముందే రమ్మని ఫోన్ చేసింది. పేరంటాలుకి చీర పెట్టాలి అప్పా, నువ్వొస్తే గాని అవదు అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. పసుపు కుంకుమలతో పోయి ఇంటికి దేవతగా నిలిచిన ఆడమనిషికి శుభకార్యానికి ముందు చీర పెట్టి అనుమతి అడగడం ఉత్తరాంధ్ర నుంచి మాతోపాటు రైలెక్కి వచ్చిన ఆచారం. చీర పెట్టేది ఇంటి ఆడపడుచు, పెళ్లి చేసే తల్లి కాకుండా ఇంకొకరు, అదీ ముత్తైదువ అయి ఉండాలి. చిన్నాన్న రెండో భార్య ఆదిలక్ష్మి, మేమంతా చిన్న పిన్ని అని పిలిచే ఆవిడ, ఆ ఇంట్లోనే ఉంది. యాభై ఏళ్లుగా ఆ చెంబుకి దీపం పెట్టింది ఆవిడే. కాని చిన్నాన్న పోయిన రోజు నుంచి ఆవిడ చెయ్యి శుభానికి పనికిరాదన్నారు. మా ఆయన ఇంకా ఉన్నాడు కనుక నా చెయ్యి పనికొస్తుంది. అలా ఒక మగమనిషి ఊపిరి పుణ్యాన నేను విశాఖ నుంచి బయల్దేరాను.

స్వాతి సీపత్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు. తెలుగు మాట్లాడుతుంది గాని వాక్యం సగంలో హిందీలోకి జారిపోతుంది, చదవడం అసలు రాదు. నేను వెళ్లిన మర్నాడు పొద్దున్న టిఫిను తిన్నాక చిన్న డబ్బా తీసి, అందులోంచి ఒక మాత్ర నోట్లో వేసుకుంది. మనసు కుదురుగా ఉండడానికి వేసుకునే మాత్ర. దాన్ని దాచదు, ఉప్పు సీసా పక్కనే పెట్టుకుంటుంది. సంబంధం ఖాయం కాకముందే పెళ్లికొడుక్కి తనే చెప్పిందట, అతను ఏ డాక్టరు దగ్గర చూపించుకుంటున్నావని అడిగి ఊరుకున్నాడట. ఆ పిల్ల నీళ్లు తాగి, వంటగది అలమరా వైపు ఒకసారి చూసి, నన్ను అడిగింది. "పెద్దమ్మా, నానీ మర్ గయీ థీ, యా ఖో గయీ థీ?"

అమ్మమ్మ చచ్చిపోయిందా, తప్పిపోయిందా అని. అంతే ప్రశ్న. ఐదేళ్ల పిల్ల కూడా అడగగలిగిన ప్రశ్న. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పైకి అడగలేదు. కుమారి గిన్నెలు తియ్యడం ఆపేసింది. కుర్చీలో కూర్చుని కొత్తిమీర తుంచుతున్న చిన్న పిన్ని తల ఎత్తలేదు. నాకు తెలిసింది చెప్తానని స్వాతితో అన్నాను. ఆ పూట చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, దానికి చిన్న పిన్ని కలిపింది కూడా.

మా క్వార్టరు లోకో షెడ్డుకి ఎంత దగ్గరంటే, ఆరేసిన బట్టల మీద మసి నలకలు దులపడం ఆడవాళ్లకి రోజూ ఉండే పని. రెండు గదులు, వరండా, వెనక వంటచావిడి. నాన్న షెడ్డులో ఫిట్టరు, చిన్నాన్న గూడ్సు గార్డు. నానమ్మ, అమ్మా నాన్నా, చిన్నాన్నా పిన్నీ, పిల్లలం, అందరం ఆ రెండు గదుల్లోనే. పొద్దున్నే సిగిడీ కుంపటి రాజేస్తే బొగ్గు పొగ ఇల్లంతా కమ్మేది. అది కాస్త తగ్గాక నానమ్మ అడ్డపొగ మొదలయ్యేది. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చేది ఆవిడ. నోట్లో నిప్పుంటే మాట్లాడలేదు కదా, చేతులతోనే ఇంటిని నడిపేది. వేలు చూపిస్తే నీళ్లు తేవాలి, అరచెయ్యి తిప్పితే చాలు ఆపమని. చిన్నాన్న డ్యూటీకి బయల్దేరితే గార్డు పెట్టె వరండాలోకి వచ్చేది, ఎర్ర జెండా పచ్చ జెండా మడత పెట్టి, లాంతరు తుడిచి, అన్నం డబ్బా కట్టి ఇవ్వడం పిన్ని పని. ఆవిడ బాగున్న రోజుల్లో ఆ పెట్టె సర్దినంత ముచ్చటగా ఇంకెవరూ సర్దేవాళ్లు కారు.

పిన్నిది పార్వతీపురం దగ్గర పల్లె. సన్నగా, మా అమ్మ చెవి దాకా వచ్చేంత ఎత్తుండేది. నా జడ వేసేటప్పుడు ఎంత బిగించి అల్లేదంటే సాయంత్రానికి కణతలు నొప్పెట్టేవి. కాని నాకు ఆవిడ వేసిన జడే కావాలి. చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచి, ఉల్లిపాయ నంజుకుని, నాకూ ఒక గిన్నె పోసేది. కుమారి పుట్టాక ఆవిడ మారింది. ఏ రోజు నుంచి అని చెప్పలేను. మొదట నిద్ర పోయింది, తరవాత తిండి. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని గోడకి చెవి ఆనించి నిలబడేది. వీటన్నిటికంటే ఎక్కువ ఇంట్లోవాళ్లకి విసుగు తెప్పించింది ఒక మాట. "గుంట తిన్నాదా?" మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. తనే కుమారికి అన్నం పెట్టి, మూతి కడిగి, ఒక ఘడియ కాకుండానే మా అమ్మ దగ్గరికి వచ్చి "గుంట తిన్నాదా?" అనేది. తిన్నాదమ్మా అంటే తల ఊపి వెళ్లి, నానమ్మని అడిగేది. నన్ను అడిగేది. పక్క క్వార్టరువాళ్లని పిట్టగోడ మీంచి అడిగేది. చిన్నాన్న డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పకముందే అడిగేది. ఆయన మొదట్లో జవాబిచ్చేవాడు, తరవాత కసిరేవాడు, ఆ తరవాత అదీ మానేశాడు.

వైద్యం జరగలేదని అనను. రైల్వే ఆసుపత్రి డాక్టరు నిద్రమాత్రలు రాశాడు, అవి వేసుకుంటే రోజంతా మత్తుగా పడి ఉండేది, వంట పని ఆగిపోతుందని నానమ్మ వాటిని ఆపించేసింది. పల్లెల్లో మంత్రం వేసే బైగా ఒకాయన వచ్చి చీపురుతో విదిలించి వెళ్లాడు. రాంచీ పిచ్చాసుపత్రికి పంపించేస్తామని కాలనీవాళ్లు నవ్వుతూ బెదిరించేవాళ్లు. ఒకసారి ఆవిడ కుమారిని వదిలి కుళాయి గట్టు దాకా వెళ్లిపోయిందని, మా నాన్న షెడ్డులో ఒక గడియ చేయించి తెచ్చి వెనక గదికి బయటి వైపు బిగించాడు. మంచి ఇనుము, మంచి పనితనం. మా నాన్న చెయ్యి పడిన వస్తువు చెడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు, పండగలప్పుడు పిన్ని ఆ గది లోపల ఉండేది. తలుపు సందులోంచి అదే ప్రశ్న వినిపించేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే తరవాతి కథంతా దాని దగ్గరే దారి తప్పింది. పిన్నికి రైలంటే భయం. జబ్బు ముదిరాక ఇంజను కూత పడేది కాదు, షెడ్డులో కూత వేస్తే చెవుల్లో చీర కొంగు కుక్కుకుని మూలకి పోయేది. ఒకసారి పుట్టింట్లో కొన్నాళ్లుంచితే బాగవుతుందని తీసుకెళ్లబోయారు. ప్లాట్‌ఫారం మీద బండి ఆగగానే పిన్ని స్తంభాన్ని పట్టుకుని కింద కూర్చుండిపోయింది. లాగినా రాలేదు. తోటి గార్డులు, టీటీలు చూస్తుండగా చిన్నాన్న మొహం నల్లబడిపోయింది. ఆ తరవాత ఆవిణ్ని స్టేషను వైపు తీసుకెళ్లలేదు. కాలనీలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు.

ఆ రోజు చిన్నాన్న రాయగఢ్ వైపు డ్యూటీలో ఉన్నాడు. నేను బడి నుంచి వచ్చేసరికి వెనక గది తలుపు తెరిచి ఉంది, గడియ పక్కకి వేలాడుతోంది. ఎవరు తీశారో ఇప్పటికీ తేలలేదు. అమ్మ నేను తియ్యలేదంది, నానమ్మ నేను తియ్యలేదని చేతులతో చెప్పింది. లోపల కుమారి చాప మీద నిద్రపోతోంది, పక్కన మూత పెట్టిన అన్నం గిన్నె ఉంది. కుళాయి దగ్గర వెతికారు, చింతచెట్టు దగ్గర వెతికారు, గుడిలో చూశారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నానమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "రైలెక్కీసుంటాది. కన్నోరింటికి ఎల్లిపోనాది" అంది. అంతే, ఇల్లంతా ఆ మాట పట్టుకుంది.

అప్పుడు మొదలైన గాలింపు ఎంత గొప్పగా సాగిందో చెప్తే ఎవరైనా మెచ్చుకుంటారు. నాన్న కంట్రోల్ ఫోను దగ్గరికి పరుగెత్తాడు. రాయపూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, ఆ లైను మీద ప్రతి స్టేషనులోనూ మావాళ్లు ఉండేవాళ్లు. ఒకచోట పాయింట్స్‌మన్, ఒకచోట బుకింగు గుమస్తా, ఒకచోట టీ స్టాలు పెట్టుకున్న వరస బావగారు. అందరికీ కబురు వెళ్లింది. గార్డులు బండి బండికీ మనిషి ఆనవాళ్లు చెప్పుకుంటూ వెళ్లారు. ఆడవాళ్ల పెట్టెలు చూశారు, వెయిటింగు హాళ్లు చూశారు, అటు కట్నీ దాకా, ఇటు ఝార్సుగూడ దాకా చూశారు. లైను మీద చీమ కదిలినా మనకి తెలుస్తుందని నాన్న వచ్చినవాళ్లందరితో గర్వంగా అనేవాడు. చిన్నాన్న సెలవు పెట్టి పార్వతీపురం వెళ్లి వచ్చాడు. అత్తవారు ఏడ్చారట, ఆవిడ రాలేదన్నారట.

బస్సుస్టాండుకి ఎవరూ వెళ్లలేదు. రిక్షావాళ్లని ఎవరూ అడగలేదు. ఊళ్లోంచి రోడ్లు బయటికి పోతాయని, వాటి మీద మనుషులు కాళ్లతో నడుస్తారని మావాళ్లకి తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉంది. పుట్టినప్పటి నుంచీ రైల్వే పాసు మీద తిరిగిన కుటుంబాలు మావి, బస్సు టిక్కెట్టు ఏ రంగులో ఉంటుందో మా నాన్నకి తెలియదు. దారి అంటే పట్టాలు, ఊరు అంటే స్టేషను. కూత వినలేక చెవుల్లో కొంగు కుక్కుకునే మనిషిని, ప్లాట్‌ఫారం మీద స్తంభం పట్టుకుని కూర్చున్న మనిషిని, దేశంలో ఉన్న రైళ్లన్నిట్లో వెతికారు. రైలు లేని చోట ఒక్క అంగుళం వెతకలేదు. ఠాణాకి వెళ్దామని మా అమ్మ ఒకసారి అంది. "పరువైన ఇంటి కోడలి పేరు ఠాణాలో రాయిస్తావేటి?" అంది నానమ్మ. ఆ మాటకి నాన్న, చిన్నాన్న ఇద్దరూ తల ఊపారు.

ఏడాది తిరిగేలోపు నానమ్మ సొంతూరు వెళ్లి సోది అడిగి వచ్చింది. ఆ సోదమ్మ కళ్లు మూసుకుని, నీ కోడలు నీటి ఒడ్డున పసుపు కుంకాలతో కూకుంది, ఇంట్లో నిలుపుకో, నిలుపుకోకపోతే గుంటకి మంచిది కాదు అందట. నానమ్మ రైలు దిగి ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ మొహంలో అలసట లేదు. మర్నాడే వంటచావిడి గూట్లో రాగి చెంబు వెలిసింది. చీర పెట్టారు, రవిక పెట్టారు, గాజులు పెట్టారు, బూరెలు వండారు. నాకు బాగా గుర్తుంది, పిన్ని ఇంట్లో ఉన్న ఆఖరి రెండేళ్లలో ఆవిడకి కొత్త చీర కొనలేదు. చింపేసుకుంటుందని మా అమ్మ కట్టి విడిచిన పాత చీరలే ఇచ్చేవాళ్లు. చెంబు అయ్యాక నేత చీర వచ్చింది. ఐదేళ్ల కుమారిని గూటి ముందు నిలబెట్టి, మీ అమ్మ దేవతైపోయింది, దండం పెట్టుకో అన్నారు. ఆ పిల్ల దండం పెట్టి, అమ్మ చెంబులోకి ఎలా పట్టింది అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను క్షమించలేదు.

దేవతని చేస్తే కలిగే లాభాలు ఇంటికి ఒక్కొక్కటే తెలిశాయి. దేవతని వెతకక్కర్లేదు. దేవత ఎక్కడ తిరుగుతోందో, ఎవరు ఏం చేస్తున్నారో అని దిగులుపడక్కర్లేదు. భార్య తప్పిపోయిన గార్డుకి ఎవరూ పిల్లనివ్వరు, భార్య పేరంటాలైన గార్డుకి ఇస్తారు. ఆ వేసవిలోనే చిన్నాన్నకి ఆదిలక్ష్మిని తెచ్చారు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. కాపరానికి వచ్చిన రోజు గూటి ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఆవిడ నీకు అప్ప, ఆవిడకి చూపించకుండా ఏ చీరా కట్టకు అని చెప్పారు. ఏటా కొత్త చీర ముందు చెంబు పక్కన ఉండాలి, ఏడాది నిండాక చిన్న పిన్ని దాన్ని కట్టుకోవాలి, దాని చోట ఇంకోటి రావాలి. చిన్నాన్న ఉన్నంత కాలం అలాగే జరిగింది. ఏ ఏడు ఏ రంగు చీర పెట్టారో చిన్న పిన్ని ఇప్పటికీ వరసగా చెప్తుంది. మామిడి పిందె రంగుకి ఎర్ర అంచు, ఆ తరవాత వంకాయ రంగు, ఆ తరవాత పసుపుకి ఆకుపచ్చ. తన ఒంటి మీద ఒక్క చీర కూడా తనకోసం కొన్నది లేదని ఒకసారి నాతో నవ్వుతూ అంది.

నేను స్వాతికి ఇంతవరకు చెప్పి, అందుచేత మీ అమ్మమ్మ తప్పిపోయిందమ్మా, చచ్చిపోయిందో లేదో నాకు తెలియదు అన్నాను. అప్పటిదాకా తల ఎత్తని చిన్న పిన్ని కొత్తిమీర పళ్లెం పక్కన పెట్టింది. ఆవిడకి ఇప్పుడు డెబ్బై దాటాయి, మోకాళ్లు పనిచెయ్యవు, మాట మాత్రం పదునుగా ఉంది. తను కాపరానికి వచ్చిన కొన్ని నెలలకి, బుట్టలో కూరలు పెట్టుకుని కాలనీకి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఒకరోజు వరండాలో బుట్ట దించి నానమ్మతో ఏదో చెప్పిందట. రతన్‌పూర్ రోడ్డు మీద తమ పల్లె దగ్గర, టీ కొట్టు పక్కన, పిచ్చి మనిషి ఒకావిడ ఉంటోందని. ఎవరైనా పెడితే తింటోందని, ఎవరినీ ఏమీ అనదని. పల్లెలో ఎవరికీ ఆవిడ మాట అర్థం కాదు, కాని కాలనీలో తిరిగే తను ఆ భాష గుర్తుపట్టానని, అది మీ రైల్వే తెలుగువాళ్ల భాషేనని చెప్పిందట. ఇంతకీ ఏం మాట్లాడుతుందని నానమ్మ అడిగింది. కూరలావిడకి అర్థం తెలియదు, చెవిన పడ్డ చప్పుడుని అలాగే పలికింది.

"గుంట తిన్నాదా, గుంట తిన్నాదా అంటాదంట" అంది చిన్న పిన్ని. "పొద్దస్తమానం అదే మాటంట. దారిన పోయేవోలందర్నీ అడుగుతాదంట."

స్వాతికి ఆ మాట వెంటనే అర్థం కాలేదు, తల్లి మొహం చూసి ఆగిపోయింది. చిన్న పిన్ని మిగతాది కూడా చెప్పింది. నానమ్మ కూరలావిడకి ఒక దోసెడు అటుకులు కొంగులో పోసి, మా కోడలు దేవతైపోయింది, ఆ మనిషి మాది కాదు అని పంపించేసిందట. చిన్నాన్న డ్యూటీ దిగి వచ్చాక ఆయనకీ చెప్పిందట. ఆయన చెంబున్న గూటి వైపు ఒకసారి చూసి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని పడుకున్నాడట. నిలబెట్టుకున్న దేవత బతికుందని వెతకబోతే ఇంటికి అరిష్టమని నానమ్మ అందరి నోళ్లూ మూసింది. కూరలావిడ మళ్లీ రెండు మూడు సార్లు అడిగి, ఆ తరవాత అడగడం మానేసింది. ఆ తరవాత ఆ టీ కొట్టు దగ్గర మనిషి ఏమైందో ఎవరికీ తెలియదు.

"నాకప్పుడు నెల తప్పినాది" అంది చిన్న పిన్ని. "ఆవిడొస్తే నేనేటవుతాను? నన్నెక్కడికి తోలుతారు? నోరెత్తనేదు. ఆ నెలా నిలబడనేదు. పేరంటాలు కోపమన్నారు. ఇంకో దీపం పెట్టమన్నారు, పెట్టినాను."

ఆవిణ్ని నేను తప్పు పట్టను. ఎవరి స్థానంలో తనని కూర్చోబెట్టారో వాళ్లు తిరిగొస్తారేమోనని భయపడుతూ బతికింది ఆవిడ. మావాళ్లని తప్పు పడతాను. ఆ మాట అర్థం కానివాళ్లు అంటే ఆ పల్లెవాళ్లు. వాళ్లు కనీసం అన్నం పెట్టారు. అర్థమైనవాళ్లం మేము. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఆ మాట అర్థం చేసుకోగలిగిన ఇళ్లు కొన్ని ఉంటే, అది ఎవరి నోటి మాటో తెలిసిన ఇల్లు ఒక్కటే. ఆ ఇల్లు అటుకులు పోసి పంపించేసింది. సిగిడీ ముందు చుట్ట కాలుస్తూ మాకు కథలు చెప్పిన నానమ్మే, నాకు జ్వరమొస్తే పక్కనుంచి లేవని నానమ్మే ఆ పని చేసింది. నేను ప్రేమించినవాళ్లు ఇంత పని చెయ్యగలరని తెలిశాక, చిన్నప్పటి ఇల్లు తలుచుకుంటే బొగ్గు పొగ వాసన వస్తుంది గాని ఇదివరకటి తీపి రావడం లేదు.

కుమారి చిన్న పిన్ని దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుంది. తనని పెంచింది ఆవిడే. పిన్నీ అని పిలుస్తుంది గాని ఎప్పుడూ అమ్మకి తక్కువ చూడలేదు.

"మరి తిన్నానేటి నేను? అప్పుడు?"

"తిన్నావు" అంది చిన్న పిన్ని. "రోజూ తిన్నావు. నేనే పెట్టినాను."

కుమారి ఏడవలేదు. లేచి అలమరా తెరిచి, పెళ్లికి ముందు చెంబుకి పెట్టడానికి కొన్న ఆకుపచ్చ చీర తీసి తన బీరువాలో పెట్టింది. చెంబు దించి, పసుపు కడిగి, గిన్నెలతో పాటు బోర్లించింది. చీర పెట్టనంది. ఠాణాకి వెళ్తానంది. కూతురు వెంటనే బండి తాళాలు తీసుకుంది. సాయంత్రానికి చుట్టాల్లో ఈ మాట పాకింది. టిట్లాగఢ్ నుంచి, నాగపూర్ నుంచి ఫోన్లు వచ్చాయి. పెళ్లి ముందు పెట్టుకుని పరువైన ఇంటి ఆడవాళ్లు ఠాణా మెట్లెక్కడం ఏమిటని అడిగారు. కొందరు ఇంజనీర్లు, ఒకాయన బ్యాంకు మేనేజరు. అప్పటికీ ఇప్పటికీ చాలా మారిందని నేను పొద్దున్న ఆ మాత్రల డబ్బా చూసి అనుకున్నాను. ఆవిరి ఇంజన్లు పోయాయి, క్వార్టర్లు కూల్చేశారు, మనసు జబ్బుకి పేరు వచ్చింది, మందు వచ్చింది, దాన్ని ఉప్పు సీసా పక్కన పెట్టుకునే పిల్ల వచ్చింది. నానమ్మ అన్న వాక్యం మాత్రం ఒక్క అక్షరం మారకుండా ఫోన్లో వినిపించింది.

మర్నాడు పొద్దున్న ముగ్గురం వెళ్లాం. కంప్యూటరు ముందున్న కుర్ర కానిస్టేబులు పెళ్లి బంగారం పోయిందేమో అనుకుని కుర్చీలు వేయించాడు. మనిషి తప్పిపోయిందన్నాం. ఎవరని అడిగితే, మా అమ్మ అంది కుమారి. ఎప్పటి నుంచి అంటే, నాకు ఐదేళ్లప్పటి నుంచి అంది. అతను కుమారి నెరిసిన జుట్టు చూసి, లేచి లోపలికి వెళ్లి, పై ఆఫీసరమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ నిలబడే అంతా వింది. దొరుకుతుందని చెప్పలేను అని హిందీలో అంది. మాకు తెలుసన్నాం. అయితే రాసుకో అని కానిస్టేబులుకి చెప్పి వెళ్లిపోయింది. నవ్వుతారేమోనని నేను ఇంటి దగ్గర నుంచీ భయపడుతూ వచ్చాను, ఎవరూ నవ్వలేదు. యాభై ఏళ్ల కిందట మా నాన్న ఈ రోడ్డు దాటి వచ్చి ఉంటే ఇంతే సేపు పట్టేది.

అతను ఒక్కొక్కటే అడుగుతుంటే కుమారి నా వైపు చూస్తూ చెప్పింది. పేరు సత్యవతి. ఉంటే ఇప్పుడు ఎనభైకి దగ్గరలో ఉంటుంది. ఎత్తు మా అమ్మ చెవి దాకా, మా అమ్మది నా ఎత్తే అన్నాను, అతను చేత్తో నన్ను కొలిచి ఏదో అంకె వేసుకున్నాడు. ఆనవాలు, మోచెయ్యి దగ్గర సిగిడీ కాలిన మచ్చ. భాష తెలుగు. ఏమైనా అంటూ ఉంటుందా అని అడిగాడు. కుమారి ఆ రెండు ముక్కలూ తెలుగులోనే చెప్పింది, అతను హిందీ అక్షరాల్లో కష్టపడి రాసుకుని, దానికి అర్థమేమిటని అడిగాడు. స్వాతి చెప్పింది. ఆ తరవాత, అందరినీ అడిగే మామూలు ప్రశ్నే, ఇంట్లోంచి వెళ్లిన రోజు ఏం కట్టుకుంది అన్నాడు.

"సాడీ" అంది కుమారి.

"రంగు?"

కుమారి నా వైపు తిరిగింది. ఆ రోజు ఆ ఇంట్లో కాస్త ఊహ తెలిసినవాళ్లలో ఇప్పటికి మిగిలింది నేనొక్కదాన్నే. మామిడి పిందె రంగు, వంకాయ రంగు, పసుపుకి ఆకుపచ్చ అంచు, చెంబుకి పెట్టిన చీరలన్నీ వరసగా నా కళ్ల ముందుకు వచ్చాయి. పిన్ని కట్టుకుని వెళ్లిన చీర ఏ రంగుదో నాకు గుర్తు లేదు.